ఇశ్రాయేలు గారి ‘లేదు’

ఇశ్రాయేలు గారి నోటి నుంచి ‘లేదు’ అనే మాట రావాలంటే ఆయన నూరు చోట్ల చూడాలి. ఇది నేను పెంచి చెప్పడం కాదు. నరసరావుపేటలో మేమిద్దరం పనిచేసిన ఆస్పత్రిలో ఆయన ఇరవై తొమ్మిదేళ్ళు ల్యాబ్ టెక్నీషియన్. అందులో చివరి పదకొండేళ్ళు ఆయన పక్క స్టూలు మీద కూర్చుని పని నేర్చుకున్న హలీమాని నేను.

టి.బి. అనుమానం ఉన్న మనిషి తెమడను గాజు పలక మీద పూసి, రంగులు వేసి, మైక్రోస్కోపు కింద పెడితే, క్రిములు నీలం నేల మీద ఎర్రటి సన్నపాటి పుల్లల్లా కనిపిస్తాయి. కనిపిస్తే ‘ఉంది’ అని రాయొచ్చు. కనిపించకపోతే పలకను కాస్త జరిపి ఇంకోచోట చూడాలి. అలా నూరు చోట్ల చూశాక గానీ ‘లేదు’ అని రాయకూడదు. ఈ నియమం మేమంతా చదువుకున్నదే. మిగతావాళ్ళం సాయంత్రం దాన్ని ల్యాబ్‌లో వదిలేసి ఇంటికి వెళ్ళేవాళ్ళం. ఆయన వెంట తీసుకెళ్ళేవారు.

నేను చేరిన మొదటి వారంలో క్యాంటీన్ నౌషాద్ వచ్చి స్టీలు గ్లాసు ఒకటి తక్కువైందనీ, ఇక్కడేమైనా ఉందా అనీ అడిగాడు. నేను తలెత్తకుండానే లేదన్నాను. ఇశ్రాయేలు గారు పని ఆపి నావైపు తిరిగారు.

“ఎన్ని చోట్ల చూశావమ్మా?”

“చూడలేదు సార్.”

“చూడకపోతే తెలవదనాల. లేదనేది చానా పెద్ద మాట.”

అని లేచారు. బల్ల కింద చూశారు. ఫ్రిజ్‌లో చూశారు. రక్తం గొట్టాలు తిప్పే యంత్రం మూత తీసి చూశారు. నా అనుమతి అడిగి నా హ్యాండ్‌బ్యాగులో కూడా చూశారు. అరగంట తర్వాత ఆ గ్లాసు నౌషాద్ చేతిలో ఉన్న బుట్టలోనే, ఇంకో గ్లాసులో ఇరుక్కుని దొరికింది. ఆ తర్వాత నౌషాద్ మా గదికి కాగితం కప్పుల్లోనే టీ తెచ్చాడు.

ఇంట్లో ఆయన భార్య ఝాన్సీ ఆంటీ ‘ఉందా’ అనే ప్రశ్న వేయడం పెళ్ళయిన ఏడాదికే మానుకున్నారట. ఒకసారి వంట మధ్యలో ఇంగువ ఉందా అని అడిగితే, ఆయన వెతికి వచ్చేసరికి పులుసు చల్లారి, అందరూ తిని, గిన్నెలు కూడా కడిగేశారని చెప్పేవారు. అసలు పెళ్ళినాడే తనకి అర్థం కావాల్సిందని ఆమె బాధ. ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉందా అని పాస్టరు గారు ఆచారం కొద్దీ అడిగారట. చర్చి అంతా నిశ్శబ్దంగా ఉంది. పెళ్ళికొడుకు మాత్రం వెనక్కి తిరిగి, ముందు వరస నుంచి గుమ్మం దాకా ఒక్కొక్క మొహమే చూసుకుంటూ పోయి, ఇటు తిరిగి, “లేనట్టే ఉందండీ” అన్నాడట.

ల్యాబ్‌లో ఇదంతా మాకు నవ్వులాట. బయట వరండాలో కూర్చున్న రోగులకు మాత్రం కాదు. పక్క ల్యాబుల్లో గంటలో ఇచ్చే రిపోర్టు మా దగ్గర పూట పట్టేది. దానికితోడు ఆయన పాత పలకలు పారేయనిచ్చేవారు కాదు. ‘ఉంది’ అని తేలినవి పద్ధతి ప్రకారం పారేయడానికి పోయేవి. ‘లేదు’ అని రాసినవన్నీ చెక్కపెట్టెల్లో సర్ది, నంబర్లు వేసి అల్మారాల్లో పెట్టేవారు. పదేళ్ళలో అల్మారాలు నిండిపోయి, చీపుర్లూ బకెట్లూ నా కాళ్ళ దగ్గరికి వచ్చాయి. ఎందుకు సార్ ఇవన్నీ అని అడిగితే, లేదని రాసినవాటిని పారేయబుద్ధి కాదని చెప్పేవారు.

నాలుగేళ్ళ కిందట ఆ పెట్టెల కోసమే దీపిక వచ్చింది. మాచర్ల అమ్మాయి, విజయవాడలో పరిశోధన చేస్తోంది. మైక్రోస్కోపుకి కెమెరా తగిలించి, పలక మీద కనిపించేదంతా ఫొటోలు తీసి, అందులో టి.బి. క్రిములను కంప్యూటరే గుర్తుపట్టేలా నేర్పడం ఆమె పని. నేర్పడం అంటే, మాలాంటి వాళ్ళం ముందు రోజూ వచ్చే కొత్త పలకల ఫొటోలు కొన్ని వేలు చూసి, ప్రతి క్రిమి చుట్టూ మౌస్‌తో ఒక గడి గియ్యాలి. వాటిని చూసి చూసి, ఆ ఎరుపు ఎలా ఉంటుందో, ఆ పుల్ల ఎంత పొడుగుంటుందో కంప్యూటరు నేర్చుకుంటుంది. క్రిమి లేని ఫొటో అయితే ‘లేదు’ అనే బటన్ నొక్కి ముందుకు పోవాలి.

రోజుకి రెండు వందల ఫొటోలు కావాలని దీపిక అడిగింది. మొదటి రోజు నేను రెండు వందల పది చేశాను. ఇశ్రాయేలు గారు ఆరు చేశారు.

రెండో రోజు దీపిక ఆయన వెనక నిలబడి చాలాసేపు గమనించి, నన్ను పక్కకి పిలిచి, సార్ ఎడమ చేతికి ఏమైనా జబ్బా అని అడిగింది. చూస్తే నిజమే. కుడిచెయ్యి మౌస్ మీద ఉంది. ఎడమచెయ్యి బల్ల పక్కన గాలిలో, లేని మరను అటూ ఇటూ తిప్పుతోంది. ఇరవై ఏళ్ళకు పైగా, మైక్రోస్కోపులో బొమ్మ స్పష్టంగా కనపడేలా చేసే మర తిప్పిన చెయ్యి అది, ఊరుకోలేకపోతోంది. దీపిక నవ్వాపుకుని ఏం చేస్తున్నారని అడిగింది.

“నీ బొమ్మ కదలటంలా అమ్మాయ్,” అన్నారాయన దిగులుగా. “ఇది పురుగా, రంగు మరకా అని తెలియాలంటే కొంచెం కిందకీ పైకీ అనాల. పురుగైతే సన్నగా మెరిసి మాయమవుద్ది. మరకైతే ఉబ్బిపోయి అట్టానే ఉంటది. నువ్వేమో కదలకుండా బిగించి పెట్టావు. నేనెట్టా చెప్పేది?”

దీపిక నవ్వు ఆగిపోయింది. ఆ సాయంత్రం ఆమె విజయవాడ వెళ్ళకుండా కూర్చుని, ఒక్కో చోట ఒక ఫొటోకి బదులు, మర కాస్త కాస్త తిప్పుతూ ఐదు ఫొటోలు తీసేలా మార్చింది. కంప్యూటరు అప్పటిదాకా చేస్తున్న తప్పులు సగానికి తగ్గాయి. ఇశ్రాయేలు గారి వేగం ఆరు నుంచి పదకొండుకి పెరిగింది.

తర్వాత ఆయన ఇంకో కోరిక కోరారు. ‘ఉంది’, ‘లేదు’ అని రెండే బటన్లు ఉంటే తనకు ఊపిరాడటం లేదనీ, ‘ఇంకోసారి చూడాలి’ అని మూడోది కావాలనీ. దీపిక ఆ బటన్ కూడా పెట్టింది. వారం తిరిగేసరికి మిగతా రెండు బటన్ల మీద దుమ్ము పేరుకుందని నేను అనేదాన్ని. అయినా, ఆయన బదులు ఇంకొకరిని పెట్టుకోమని పైవాళ్ళు రెండుసార్లు చెప్పినా ఆమె వినలేదు.

ఏడాది గడిచింది. నేర్చుకున్న కంప్యూటరును పాత పెట్టెల మీదికి వదిలారు. అది నూరు చోట్లతో ఆగే రకం కాదు. పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా, రెండు వేల చోట్ల చూస్తుంది. రోజుల తరబడి ‘లేదు, లేదు’ అనే వస్తుంటే ఇశ్రాయేలు గారు పిల్లల మార్కులు విన్నట్టు వినేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు దీపిక నన్ను పిలిచింది. మొహం పాలిపోయి ఉంది. మూడేళ్ళ కిందటి పలక అది. ‘లేదు’ అని ఇశ్రాయేలు గారి సంతకం. కంప్యూటరు మాత్రం ఒక అంచున మూడు గళ్ళు గీసి పెట్టింది. పలక తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. మరకలే అయ్యుండాలని కోరుకుంటూ మర తిప్పాను. మూడు పుల్లలూ సన్నగా మెరిసి మాయమయ్యాయి.

రిజిస్టరులో అంతోని అనే పేరు ఉంది. ముప్పై నాలుగేళ్ళు, అచ్చంపేట దగ్గర ఒక పల్లె. నియమం ప్రకారం ఇది ఎవరి తప్పూ కాదు. కానీ మందు పడకుండా మూడేళ్ళంటే ఆ మనిషి ఏమై ఉంటాడో మాకు తెలుసు. ఇశ్రాయేలు గారికి ఈ మాట చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. ముందు మనమే వెళ్ళి చూద్దామనుకున్నాం. చీరలు కొనడానికి గుంటూరు వెళ్తున్నామని ఆయనతో అబద్ధం చెప్పాం. ఒక్క కొట్టు చూసి కొనొద్దని ఆయన నాలుగు కొట్ల పేర్లు రాసిచ్చారు.

సత్తెనపల్లిలో బస్సు మారి, అచ్చంపేటలో ఆటో ఎక్కాం. మిరపకాయలు ఆరబోసే రోజులు. దారి పొడవునా ఎర్రటి కల్లాలు, ఆ ఘాటుకి ఊరంతా దగ్గుతోంది. దగ్గు వినిపించినప్పుడల్లా దీపిక నా చెయ్యి గట్టిగా పట్టుకుంటోంది. చూపించిన ఇంటి ముందు ఒక పెద్దావిడ కాయలు ఏరుతోంది. అంతోని తల్లి, గ్రేసమ్మ. అంతోని ఉన్నాడా అని అడిగాను.

“లేడమ్మా,” అంది.

దీపిక పక్కనే ఉన్న మంచం మీద కూలబడింది.

గ్రేసమ్మ ఇంకో నాలుగు కాయలు ఏరి, “కల్లం కాడికి పోయాడు, గోతాలకెత్తుతన్నారు. కబురు పెట్టమంటారా?” అని అడిగింది.

మంచినీళ్ళు తాగాక మేం ఏ ఆస్పత్రి నుంచి వచ్చామో చెప్పాం. ఆవిడ మొహం విప్పారింది.

“ఇశ్రాయేలు గారు బాగుండారా? మిరప నారు దొరికిందా ఆయనకి?”

మాకేం అర్థం కాలేదు. అప్పుడు గ్రేసమ్మ చెప్పింది. మూడేళ్ళ కిందట జబ్బు లేదని కాగితం ఇచ్చారు, ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు. పదిరోజులు తిరక్కుండానే ఒక ఆదివారం ఆయన సంచి తగిలించుకుని వచ్చి, చెల్లెలు వాళ్ళ పొలానికి మిరప నారు కావాలన్నారు. నారు చూపిస్తే దానివంక చూడలేదు. దగ్గుతున్న అంతోనినే చూస్తూ రెండు గంటలు కూర్చున్నారు. వెళ్ళబోతూ సంచిలోంచి మూత ఉన్న చిన్న డబ్బా తీసి, పొద్దున్నే లేవగానే ఇందులో తెమడ ఊయమన్నారు. మర్నాడు మళ్ళీ ఆయనే వచ్చి, డబ్బా తీసుకెళ్ళి అచ్చంపేట సర్కారు ఆస్పత్రిలో ఇచ్చారు. అందులో జబ్బు బయటపడింది. ఆరు నెలలు మాత్రలు మింగాడు. ఆ ఆరు నెలలూ నెలకో ఆదివారం ఇశ్రాయేలు గారు వచ్చి, మాత్రల అట్ట తీయించి చూసి, నారు గురించి అడిగి వెళ్ళారు.

“అప్పుడే లేదన్నారు, ఇప్పుడీ డబ్బా ఏందని అడిగా,” అంది గ్రేసమ్మ. “పుస్తకంలో లేదని రాశానమ్మా, నా మనసులో రాయలేకపోయా అన్నాడు. ఎవరికీ చెప్పబాకన్నాడు. మొహమాటం మనిషి.”

అంతలో అంతోని వచ్చాడు. ఒళ్ళంతా మిరప దుమ్ము, భుజాలు గుమ్మం పట్టనంత మనిషి. వచ్చీ రాగానే తుమ్మాడు. అంత అందమైన తుమ్ము నేను ఎప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున్నే ఇశ్రాయేలు గారి దగ్గర అన్నీ ఒప్పుకున్నాం, చీరల అబద్ధంతో సహా. పలక సంగతి దీపికే చెప్పింది. ఆయన నొచ్చుకుంటారని మా భయం. ఆయన సగం మాట వినగానే కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నారు.

“దొరికిందా? ఏదీ, ఎక్కడ దాక్కుంది?”

తప్పిపోయిన బంధువు బస్టాండులో దొరికినంత సంబరం ఆయన మొహంలో. అచ్చంపేటలో జబ్బు తేలిన రోజు నుంచి ఆ పలక తీసి ఆరు వందల చోట్ల వెతికారట, దొరకలేదట. మైక్రోస్కోపులో చూసి, మర తిప్పి, వెంటనే ఉందన్నారు. ఆయన అంత త్వరగా ఏదైనా తేల్చడం నేను చూడటం అదే మొదలు. కంప్యూటరు మీద చెయ్యి వేసి, “మంచిదాన్ని తయారు చేశావు అమ్మాయ్. ఓపిక ఉంది దీనికి,” అన్నారు.

ఇలా ఎన్ని ఇళ్ళకి వెళ్ళారని నేను అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు.

“పలక మీద తెమడే కనపడుద్ది హలీమమ్మా, మనిషి కనపడడు. అందుకని అప్పుడప్పుడూ పోయి మనిషిని చూసొస్తా. అంతే.”

ఝాన్సీ ఆంటీకి ఈ సంగతి మేం చెప్పేదాకా తెలియదు. ఆయన ప్రతి ఆదివారం ఒక్కో ఊరి చర్చికి వెళ్తున్నారనీ, ఇన్నేళ్ళయినా ఏ చర్చిలో చేరాలో తేల్చుకోలేకపోతున్నారనీ ఆమె అనుకుంటున్నారట.

దీపిక పని పూర్తయింది. ఆమె కంప్యూటరు ఇప్పుడు అనుమానం ఉన్న పలక దగ్గర ‘ఈ మనిషిని మళ్ళీ పిలవండి’ అని రాస్తుంది. ఆ మాట పెట్టించింది ఎవరో తన పరిశోధన పత్రంలో పేరుతో సహా రాసింది. మా ల్యాబ్‌కి ఈమధ్య కొత్త యంత్రం వచ్చింది, పలకా రంగులూ లేకుండానే రెండు గంటల్లో తేల్చేస్తుంది. నా పక్క స్టూలు ఖాళీగా ఉంటే మధ్యాహ్నాలు ఏమీ తోచదు. ఇశ్రాయేలు గారు నిరుడు రిటైరయ్యారు, ఆదివారాల నుంచి మాత్రం కాలేదు.

మొన్నటి ఆదివారం గురజాల బస్సులో ఆయనతో పాటు ఝాన్సీ ఆంటీ, దీపిక, నేనూ ఉన్నాం. కొత్త యంత్రం ‘లేదు’ అన్నా దగ్గు తగ్గని, పత్తి మిల్లులో పనిచేసే ధనమ్మ అనే ఆవిడ ఇంటికి వెళ్ళాం. ఆయన ఆమె పక్కన అరుగు మీద కూర్చుని ఎప్పటినుంచి దగ్గు, ఎప్పుడు ఎక్కువ అని నెమ్మదిగా అడిగారు. తర్వాత తేలింది, అది పత్తి దుమ్ము వల్ల వచ్చిన దగ్గు. అది తేలకముందే ధనమ్మ మా నలుగురికీ విస్తళ్ళు వేసి, గోంగూర పచ్చడితో అన్నం పెట్టి, మారు వడ్డించింది. తన గురించి ఇంతసేపు అడిగినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరంది. బయల్దేరుతుంటే ఝాన్సీ ఆంటీ చేతిలో ఒక పొట్లం గోంగూర పెట్టి, దగ్గు తగ్గిపోయినా సరే వచ్చే ఆదివారం కూడా రమ్మంది.