తెడ్డుకి చెవి ఆనించి

మా అయ్య గోపాలపూర్‌లో చేపలు పట్టేవాడు. గొరక చేపల గుంపు నీటి కింద గుర్రుగుర్రుమంటుంది. ఇంజన్ ఆపేసి, తెడ్డు నీళ్ళలోకి దింపి, దాని పైకొసకి చెవి ఆనిస్తే ఆ చప్పుడు తెలుస్తుంది. చిన్నప్పుడు సెలవుల్లో పడవెక్కితే నేను ఆగలేక "ఎంత దూరం అయ్యా?" అని అడిగేవాణ్ణి. ఆయన కళ్ళు మూసుకుని విని "దగ్గిరే" అంటే వల వేసేవాళ్ళు. చాలాసార్లు మాత్రం "ఊరుకోరా, నీ వాగుడికే అవి పారిపోతన్నాయి" అని కసిరేవాడు.

అలాంటి మనిషి కుడిచెవిలో హోరు మొదలైంది. మా పేటలో ఇంజన్ పడవల మీద పనిచేసిన ప్రతివాడి చెవిలోనూ ఏదో ఒక మోత ఉంటుంది. డాక్టరు దగ్గరికి రమ్మంటే అయ్య ఎగతాళి చేసేవాడు. "సముద్రం ఒడ్డున పుట్టినోడి సెవిలో సముద్రం కాపోతే ఇంకేటి మోగుతాదిరా?"

ఆ ఏడు సముద్రానికి చాలా దూరంలో ఉన్న అస్కాలో బంధువుల పెళ్ళికి వెళ్ళాం. భోజనాలయ్యాక చెరుకుతోట పక్కన నులకమంచం మీద నడుం వాల్చిన అయ్య ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు.

"ఒరే, సముద్రం ఇక్కడిదాకా ఇనిపిస్తందేట్రా?"

పెళ్ళివారు తెలుగులోనూ ఒడియాలోనూ పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అయ్య తన మణికట్టు తానే పట్టుకుని, నాడి కొట్టినప్పుడల్లా తల ఊపుతున్నాడు. చెవిలో మోత, చేతిలో నాడి ఒక్కటిగా నడుస్తున్నాయి.

బరంపురంలో స్కాన్ తీసి విశాఖపట్నం పంపారు. మెదడు మీది పొరలో ఒక ధమని, మధ్యలో సన్న నాళాలేవీ లేకుండా, నేరుగా సిరలో కలిసిపోయిందట. ఆ ఉరవడికి సిర ఉబ్బి ఎప్పుడైనా చిట్లవచ్చట. తొడ మొదట్లో సన్న గొట్టం ఎక్కించి, రక్తనాళాల్లోంచే తలదాకా పోనిచ్చి, జిగురులాంటి మందుతో ఆ దారి మూసేస్తామన్నారు. ముఖానికి వెళ్ళే నరం దెబ్బతినే ప్రమాదం కొంచెం ఉందని ముందే చెప్పారు.

"గండి పూడుస్తారన్నమాట" అన్నాడు అయ్య.

గండి చాలావరకు పూడింది. మోత ఆగింది. కానీ ఆ కొంచెం ప్రమాదం మాకే రాసిపెట్టి ఉంది. ముఖం కుడివైపు వాలిపోయింది. ఆ కన్ను మూతపడదు. టీ తాగితే సగం చొక్కా మీద పడుతుంది. ప్రాణం దక్కింది కదా, అదే పదివేలు అని చూడ్డానికి వచ్చినవాళ్ళు అంటుంటే నాకు ఒళ్ళు మండేది. వాళ్ళెవరూ మూతపడని కంటితో ఉప్పుగాలిలో కూర్చోవడం లేదు. సన్నదారి ఒకటి ఇంకా మిగిలి ఉందని, మోత మళ్ళీ వస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా రావాలని డాక్టరు గట్టిగా చెప్పి పంపారు.

సముద్రం పక్కన ఉంటే ఆ సంగతి ఎలా తెలుస్తుంది? బరంపురం లంజిపల్లిలో మా ఇంట్లోనే ఉండమన్నాను. నాలుగు గోడల మధ్య ఊపిరాడడం లేదని పేటకే వెళ్ళిపోయాడు. చివరికి ఇద్దరం ఒక మాట అనుకున్నాం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన మా ఇంటికి వస్తాడు. నేను తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపేస్తాను. ఆయన ఎడమకన్ను మూసుకుని, కుడికన్నుకి అరచెయ్యి అడ్డుపెట్టుకుని వింటాడు. చెమటలు కారుతుంటే ఎదురుగా కూర్చుని ఆ వంకరపోయిన మూతి వైపే చూసేవాణ్ణి.

"ఏటీ నేదు. ఫేనెయ్యి" అనేవాడు. ఆ మాటతో నాకు మళ్ళీ ఆదివారం దాకా ధైర్యం వచ్చేది.

మొన్న ఆదివారం ఆ మాట మరీ తొందరగా వచ్చింది. నేను ఫ్యాను వేయలేదు.

"ఇంకోపాలి ఇను అయ్యా."

"ఇన్నాను గదేట్రా. నన్ను దొంగని సేసేస్తన్నావు" అని గోడవైపు తిరిగాడు.

నాకు కోపం వచ్చింది. కోపం కన్నా భయం ఎక్కువ వేసింది. లేచి వెళ్ళి ఆయన తల పట్టుకుని, కుడిచెవి వెనక ఎముకకి నా చెవి ఆనించాను. విదిలించుకుంటాడనుకున్నాను. విదిలించుకోలేదు.

వినిపించింది. సన్నగా, హుష్ హుష్‌మని, మెడలో నాడి కొట్టుకుంటున్న లెక్కకే వినిపించింది. చెవి తీయబుద్ధి కాలేదు. తీస్తే ఏదో ఒకటి చెప్పాలి.

"ఈపాలి ఆ గొట్టమెక్కిస్తే మాట పడిపోతాదేమోనని బయమేసిందిరా" అన్నాడు నెమ్మదిగా. "అందుకే సెప్పనేదు."

సముద్రంలో తుఫానుకి చిక్కి తిరిగొచ్చిన రోజు కూడా ఆయన నోట ఆ మాట వినలేదు. భయం లేదని చెప్పడానికి నాకే లేదు ధైర్యం. ఆయన తల అలాగే పట్టుకుని ఉన్నాను.

ఆయనే అడిగాడు.

"ఎంత దూరవురా?"

"దగ్గిరే అయ్యా."

ఆయన లేచి ఆస్పత్రికని చొక్కా తొడుక్కున్నాడు.