చెవికి పెట్టని ఫోను

నా బటన్ల ఫోను పోయిన దీపావళికి చచ్చింది. చచ్చిందంటే దానంతటది కాదు. హజీరా కంపెనీలో పనిచేసే మా అబ్బాయి దాని సిమ్ము పీకి, పలకంత ఫోనులో వేసి నా చేతిలో పెట్టాడు. "ఇగ దీంట్ల మనిషి కనబడుతడు బాపూ" అన్నాడు, మనుషులను తనే కనిపెట్టినట్టు. పాత సాంచాలను, అంటే కరెంటు మగ్గాలను, తుక్కుకు అమ్మి నీళ్లతో నేసే మగ్గాలు పెట్టిన రోజు మా సేటు ముఖంలోనూ ఇదే గర్వం. కొత్తది కొన్న ప్రతివాడూ లోకాన్ని ఉద్ధరించినట్టే నిలబడతాడు.

పాత ఫోనుకు బుద్ధి ఉండేది. జేబులో వణికేది, తీసేవాణ్ని, అంతే. ఈ మహాతల్లి ముట్టుకుంటే ఒకటి చేస్తుంది, ముట్టుకోకుంటే ఇంకోటి చేస్తుంది. బయట వాన పడుతోందని కూడా చెబుతుంది. ఇంటికి కిటికీ లేనివాడికి చెప్పాలి ఆ సంగతి.

నా అసలు భయం వేరు. బతుకంతా సాంచాల మోత మధ్య గడిపినవాడికి చెవులు మిగలవు. భివండిలో కాపురముంటున్న నా బిడ్డకు ఆ మాట చెప్పలేదు. చెబితే ఇక ఫోను అమ్మకే ఇమ్మంటుంది. అందుకే ఆదివారం ఆమె గొంతు చెవిలో గుయ్యిమంటుంటే, తిండి సంగతే అడుగుతోందనుకుని "తిన్న బిడ్డా, మంచిగ తిన్న" అనేవాణ్ని. ఇప్పుడు ముఖం కనబడితే నా గుట్టు నిలుస్తుందా?

మొదటి వీడియో కాల్ రాగానే అలవాటు కొద్దీ చెవికి ఆనించాను. "బాపూ, అక్కకు నీ చెవే కనబడ్తుంది" అని కొడుకు పడీ పడీ నవ్వి, ఫోను లాక్కుని, నా ముఖానికి ఎదురుగా తిప్పి మళ్లీ నా చేతిలోనే పెట్టాడు. బిడ్డ మాట్లాడుతోంది. "అరె, అక్క మ్యూట్‌ల ఉన్నది, ఆవాజ్ వస్తలేదు" అన్నాడు వెంటనే. గొప్ప యంత్రం, మొదటి రోజే మూగబోయింది.

నాకు మాత్రం అంతా తెలుస్తోంది. సాంచాల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. మేమంతా పెదవులు చూసి ముచ్చట్లు పెట్టుకున్నవాళ్లమే. "మోకాలు ఎట్లున్నది బాపూ?" అంటోంది.

"కుడిది సతాయిస్తుంది బిడ్డా. ఎడమది జర నయమే" అన్నాను.

ఆమె ముఖం తెరకు దగ్గరగా వచ్చింది. పెదవులు మెల్లగా కదిలాయి. "ఎన్నిసార్లు అడిగిన బాపూ. ఎప్పుడడిగినా తిన్న అనే అంటుంటివి."

మ్యూట్ తీయమని అక్కకు చెబుతానంటూ కొడుకు ఫోను కోసం చేయి చాపాడు. బిడ్డ పెదవుల మీంచి చూపు తిప్పకుండానే ఆ చేతి మీద ఒక్కటేశాను.