విజయశ్రీ ఆంటీ రంగుల టేపు

విజయశ్రీ ఆంటీ ఇంటికి ఎవరు వెళ్లినా, కాఫీ ఇచ్చేలోపు వాళ్ల జబ్బ కొలుస్తుంది. ఆవిడలో ఉన్న లోపం అదొక్కటే. మిగతా అన్నిట్లో మనలాంటి మనిషే.

హ్యాండ్‌బ్యాగ్‌లో తాళాలు ఉండవు, ఫోను ఉండదు, టేపు మాత్రం ఉంటుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులున్న జానెడు ప్లాస్టిక్ పట్టీ అది. చిన్నపిల్లల జబ్బకి చుట్టి లాగితే ఏదో ఒక రంగు దగ్గర ఆగుతుంది. గ్రీన్ అయితే ఒంటికి తిండి పడుతోందని, యెల్లో అయితే చాలడం లేదని, రెడ్ అయితే బిడ్డ ప్రాణాల మీదికి వచ్చిందని అర్థం. పెద్దవాళ్లకి ఇలాంటిదే ఇంకో పొడుగు టేపు. అదీ బ్యాగులోనే.

అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో రెడ్ పిల్లలు ఎక్కడినుంచి వస్తారు? అయినా ఊరుకునేది కాదు. బర్త్‌డే పార్టీల్లో కేక్‌కన్నా ముందు ఆవిడ దగ్గర లైను కట్టాల్సిందే. మావాడు అన్నం ముట్టడంటూ ఏ తల్లయినా వాపోతే, టేపు చుట్టి, గ్రీన్, ఇంక పళ్లెం పట్టుకుని వాడి వెంట పరిగెత్తకు అని తీర్పు చెప్పేది. ఆ తల్లి రెండు నెలలు మాట్లాడేది కాదు. ఒక గృహప్రవేశంలో పంతులుగారు ఆవిడ చేతికి కంకణం కట్టబోతే, ఆవిడ ఆయన జబ్బకి టేపు కట్టింది. గ్రీనే! దక్షిణకన్నా దానికే ఆయన ఎక్కువ మురిసిపోయాడు.

ఎమ్మెస్ చదవడానికి కరీంనగర్ నుంచి వచ్చిన దేదీప్య ఆ ఇంట్లో గది అద్దెకు తీసుకుంది. ఆంటీది ఒంటరి సంసారం. సూట్‌కేసు కింద పెట్టకముందే చెయ్యి చాపమంది. నేనేమన్న చిన్నపిల్లనా అని దేదీప్య నవ్వుతూనే చాపింది. యెల్లో. ఆ పూట నుంచి ఫ్రిజ్‌లో దేదీప్య పేరు రాసిన డబ్బా ఒకటి రోజూ ఉండేది. అద్దెలో భోజనం లేదు కదా అంటే ఆవిడకి చెముడు వచ్చేసేది.

దేదీప్యకి అర్థం కానిది ఫొటోల సంగతి. కొలిచిన ప్రతి జబ్బకీ టేపుతో సహా ఫొటో తీసుకునేది. మొహాలు అక్కర్లేదు, జబ్బలు చాలు. పాపం, మంచి మనిషే, కాస్త తిక్క అని అందరూ అనుకున్నట్టే దేదీప్యా అనుకుంది.

ఆవిడ పనిచేసే సంస్థ అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయంతో ఆఫ్రికాలోని మలావీలో ఒక బడినీ, దాని పక్కన ఒక ఆరోగ్య కేంద్రాన్నీ నడిపేది. బడిలో పిల్లలకి గంజి. కేంద్రంలో రెడ్ తేలిన పసివాళ్లకి వేరుశెనగ ముద్ద పొట్లాలు. పదకొండేళ్లుగా ఆవిడ ఏటా రెండుసార్లు అక్కడికి వెళ్లొచ్చేది. ప్రతి సోమవారం పొద్దున్నే అక్కడి నర్సు చిసోమో వీడియో కాల్ చేసేది.

రెండువేల ఇరవై ఐదు జనవరి చివర్లో మెయిల్ వచ్చింది. సాయం ఆగిపోయింది, ఎక్కడి పని అక్కడ ఆపెయ్యమని. నెల తిరక్కుండా ఆంటీ ఉద్యోగం ఊడింది. దాని గురించి ఆవిడ ఒక్క మాట అనలేదు. దిగులంతా అక్కడ వైద్యం మధ్యలో ఉన్న పంతొమ్మిదిమంది రెడ్ పిల్లల గురించే. ఎనిమిది వారాలు తినాల్సిన ముద్ద రెండు వారాలకి సరిపడా మాత్రమే మిగిలింది. ఆవిడ ఫోను చెయ్యని ఆఫీసు లేదు, చర్చి లేదు, గుడి లేదు. అందరూ అయ్యో అన్నారు. చివరికి అక్కడే నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక మిషన్ ఆసుపత్రి, పిల్లల్ని తెస్తే చూస్తామంది. తెచ్చేదెవరు? కేంద్రం సిబ్బందిని ఇళ్లకి పంపేశారు. పిల్లలు ఏ ఊళ్లో ఎలా ఉన్నారో చిసోమోకీ తెలియదు.

మార్చిలో పక్క అపార్ట్‌మెంట్‌లో వేదకి ఆరో పుట్టినరోజు. పిల్లలు అలవాటుగా చొక్కా చేతులు పైకి మడిచి వరసలో నిలబడ్డారు. ఆంటీ బ్యాగు తెరవలేదు.

"ఆంటీ, నన్ను మెజర్ చెయ్యవా?" అంది వేద.

ఆవిడ బాత్‌రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంది. లోపల కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది. బయట నిలబడ్డ దేదీప్యకి మనసు చివుక్కుమంది. ఇన్నాళ్లూ ఈ మనిషిని చూసా తను నవ్వింది?

తర్వాతి సోమవారం ఫోను మోగుతున్నా ఆంటీ తియ్యలేదు. దుర్వార్త వినే ధైర్యం లేదు. దేదీప్యే తీసింది. అటువైపు చిసోమో, వెనక ఓ పదిమంది ఆడవాళ్లు. ఈ నెల ఫొటోలు రాలేదేం అని అడిగింది. ఏ ఫొటోలని దేదీప్య అడిగితే అప్పుడు చెప్పింది.

"మొదట్లో టేపు చూస్తే తల్లులు పిల్లల్ని దాచేసేవాళ్లు. బిడ్డకి తిండి పెట్టుకోలేనిదని ఊరంతా చాటినట్టు ఉంటుందని సిగ్గు. అప్పుడు మేడమ్ ఫొటోలు చూపించింది. మా ఊళ్లో అందర్నీ కొలుస్తాను, పూజారిని కూడా వదలను అంది. ఆ పూజారి జబ్బ చూసి పడీపడీ నవ్వారు. ఆ తర్వాత దాచలేదు."

చిసోమో చెప్పుకుపోయింది. కేంద్రం మూసినా తల్లుల దగ్గర టేపులు మిగిలాయి. వాళ్లే ఇల్లిల్లూ తిరిగి కొలిచి, రెడ్ పిల్లల్ని వీపున కట్టుకుని మిషన్ ఆసుపత్రికి నడిచారు. పంతొమ్మిదిమందిలో పదిహేడుగురు చేరారు.

మిగతా ఇద్దరి సంగతి చిసోమో చెప్పలేదు. ఎప్పుడు వచ్చి నిలబడిందో ఏమో, దేదీప్య వెనకే ఉన్న ఆంటీ కూడా అడగలేదు. కుర్చీలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

దేదీప్య ఆవిడ బ్యాగు తెరిచి పొడుగు టేపు తీసింది.

"చెయ్యి చాపుండ్రి ఆంటీ. వాళ్లు ఫొటో అడుగుతున్నరు."

ఆవిడ వద్దంటున్నా వినకుండా చుట్టి ఫోనుకి చూపించింది. యెల్లో. రెండు నెలలుగా ఆవిడ ఏం తిందో ఏం లేదో ఎవరూ చూడనేలేదు.

అటువైపు ఆడవాళ్లు ముందుకు తోసుకొచ్చి చూసి, తమ భాషలో గొడవగొడవగా మాట్లాడుకున్నారు. చిసోమో ఇబ్బందిగా నవ్వింది.

"మేడమ్‌కి తిండి పెట్టేవాళ్లు ఎవరూ లేరా అని అడుగుతున్నారు."

దేదీప్య ఫ్రిజ్ తలుపు తీసింది. తన పేరున్న డబ్బాలో పెరుగన్నం ఉంది. తన పేరు కొట్టేసి ఆంటీ పేరు రాసి, మూత తీసి ఆవిడ ముందు పెట్టింది. మొదటి ముద్ద మింగేదాకా అటువైపు ఎవ్వరూ ఫోను పెట్టలేదు.