మామ ముఖానికి బూస్టు

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని ముందే ప్రమాణం చేస్తున్నాను. ఇలాంటప్పుడు అందరూ తల్లి తోడు, బిడ్డల తోడు అంటారు. నా మాటలకు తమ ప్రాణం అడ్డం పెట్టడానికి మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు కాబట్టి (మా ఆవిడ ఈ సంగతి పెళ్ళైన కొత్తలోనే తేల్చి చెప్పింది) నేను రోజూ అన్నం తినే కంచం తోడు అంటున్నాను. కంచానికి ఏమైనా అయితే పస్తుండేది నేనే. కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య ఇంతకన్నా గట్టి ఒట్టు ఎవరూ వేసి ఉండరు.

నేను చెప్పబోయే రోజుల్లోనే మనిషి ముఖం చవకైపోవడం మొదలైంది. అంతకుముందు ముఖం ఎక్కడికైనా వెళ్ళాలంటే దాని కింద కాళ్ళు ఉండాలి, కాళ్ళకు చెప్పులుండాలి, చెప్పులకు దుమ్ము అంటాలి. చవకగా ఇంటర్నెట్ వచ్చి, బర్రెలు కాసేవాడి జేబులోకి కూడా పెద్ద తెర ఫోను చేరాక, కాళ్ళు లేని ముఖాలు ఊళ్ళు తిరగసాగాయి. నేనప్పుడు కామారెడ్డి బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీల దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ని. పెళ్ళి కాలేదు, తెలివి మాత్రం పొంగిపొర్లుతుండేది. ఫ్లెక్సీ పనిలో ముఖ్యమైనవి పుట్టినరోజు, పెళ్ళి, శ్రద్ధాంజలి. నాకు పేరు తెచ్చింది చివరిది. ముఖం చుట్టూ ఉన్నదంతా చెరిపేసి, వెనక మబ్బులు, మబ్బుల్లోంచి కిరణాలు పెట్టి, మెడలో దండ దిద్దానంటే, పోయిన మనిషి బతికుండగా ఎన్నడూ లేనంత కళగా కనిపించేవాడు. (ఒక ముసలాయన తన ఫ్లెక్సీ తానే చూసుకుని పోతానని బతికుండగానే వచ్చి అడ్వాన్సు ఇచ్చాడు. ఇదీ నిజమే. కంచం తోడు.)

మా మేనమామది గాంధారి అవతల ఊరు. పిల్లలు లేరు. కొద్దిగా పొలం, ఒక పాత జీపు. మా దిక్కు ప్రతి ఊరి నుంచీ దుబాయి పోయినవాళ్ళున్నారు గదా, వాళ్ళల్లో ఎవరైనా అక్కడే కన్నుమూస్తే శవపెట్టె హైదరాబాదు విమానాశ్రయానికి వస్తుంది. ఏ గేటు దగ్గర నిలబడాలో, ఎక్కడ సంతకం పెట్టాలో ఇంటివాళ్ళకు తెలియదు. మామ వాళ్ళను జీపులో ఎక్కించుకుని వెళ్ళేవాడు, పెట్టె దింపించేవాడు, అంబులెన్సు వెనకాలే ఊరి దాకా వచ్చి, మట్టి అయ్యేదాకా ఉండేవాడు. డీజిల్ ఖర్చు ఇస్తే తీసుకునేవాడు, ఇవ్వకపోతే అడిగేవాడు కాదు. ఎవరూ ఆయనకు ఆ పని చెప్పలేదు. ఒకసారి చేశాడు, ఇక జనం ఆయనకే ఫోను చేయడం అలవాటు చేసుకున్నారు.

అటువంటి మామను ఒకనాడు ఎల్లారెడ్డిలో చాయ్ హోటల్లో ఒక నాయకుడు, మాటా మాటా పెరిగి, నలుగురి ముందు అన్నాడట: "నువ్వు పీనుగుల ఎంబడి తిరుగుతవ్. బతికున్నోళ్ళు ఎవరున్నరు నీ ఎంబడి?" మామ చాయ్ సగంలో వదిలి లేచి వచ్చాడు. ఆ తర్వాత వచ్చిన జడ్పీటీసీ ఎన్నికల్లో, మండలమంతటికీ ఉన్న ఒక్క సీటుకు, ఏ పార్టీ లేకుండా నామినేషన్ వేశాడు. సంగతి తెలిసి ఉరుక్కుంటూ వెళ్ళి, "గెలుస్తవా మామా?" అని అడిగాను.

"గెలుసుడు ఎవనిక్కావాల్రా. నాకు మంది ఉన్నరా లేరా, గదొక్కటి తెలిస్తె సాలు."

ఇల్లిల్లూ తిరిగి అడుగుతాను, జీపు ఉండనే ఉంది, అన్నది ఆయన ఆలోచన. అక్కడే నా తెలివి పొంగింది. ఇన్ని తండాలు, ఇన్ని గుట్టలు ఎప్పుడు తిరుగుతావు, ఫోనులో నీ బొమ్మ పెట్టి బూస్టు కొడితే నువ్వు మంచంలో పడుకున్నా నీ ముఖం ప్రతి ఇంటికీ పోతుంది, అవతలివాళ్ళు జనాలకు బిర్యానీ పెట్టి చేసే ఖర్చులో పావలా వంతు కూడా కాదు, అని గంటసేపు చెప్పాను. బూస్టంటే యాప్ కంపెనీకి పైసలు కడితే వాళ్ళే మన బొమ్మను నలుగురికీ చూపిస్తారన్నమాట. మామ శ్రద్ధగా విని, "అంటె చాటింపేసుడే గదా. మరి చాటింపేసెటోనికి మనమెవరో ఎరికెనా?" అన్నాడు. ఎరుక ఉండనక్కర్లేదు, అదే గొప్పతనం అన్నాను. "నా ముఖం పోయి వాళ్ళింట్ల ఏమంటది మరి?" అని మళ్ళీ అడిగాడు. ఏమీ అనదు, కనబడుతుంది, అన్నాను. మామకు నమ్మకం కుదరలేదు గానీ, లోపలి నుంచి అత్త, చదువుకున్న పిల్లగాడు చెప్తుంటే వినాలి గదా అని నా తరఫున ఓటు వేసింది. (ఆ ఎన్నికల్లో నా మాటకు పడ్డ ఓటు అదొక్కటే.) మామ జీపు అమ్మేశాడు.

ఇక బొమ్మ. మామకు ఫోటోలు తీయించుకునే అలవాటు లేదు. ఎప్పుడో ఒక తండాలో ఒకరింటివాళ్ళు, తమ పిల్లవాణ్ని చివరిచూపుకు తెచ్చి ఇచ్చాడని, ఆయనకు బంతిపూల దండ వేసినప్పటి ఫోటో ఒక్కటే దొరికింది. దండ ఉంటే నాయకుడిలా ఉంటుందనుకున్నాను. చుట్టూ చెరిపేశాను. నా చెయ్యి దానంతటదే, పశువు కొట్టం దారి పట్టినట్టు, మబ్బులూ కిరణాల దారి పట్టింది. గుర్తులు అప్పటికి ఇంకా ఇవ్వలేదు, అందుకని ఎన్నికల గుర్తు పెట్టలేదు. కింద మామ పేరు, దాని కింద "ప్రజల గుండెల్లో చిరకాలం నిలిచే మనిషి" అని పెద్దక్షరాల్లో రాశాను. ఏ ఊళ్ళకు చూపించాలని యాప్ అడిగితే గాంధారి మండలమంతా పెట్టి, మనవాళ్ళు ఎక్కువున్న చోటని దుబాయి కూడా కలిపి, జీపు పైసల్లో సగం దాంట్లో పోశాను.

మర్నాటికి ఆ బొమ్మ పిచ్చి పట్టినట్టు తిరుగుతోంది. వందల కొద్దీ దండాలు, రెండు చేతులూ జోడించిన బొమ్మలు, ఒకదాని కింద ఒకటి. నేను లెక్కలు చూసేవాణ్నే గానీ మాటలు చదివేవాణ్ని కాదు. మామకు ఫోను చేసి, మండలమంతా నీకు దండాలు పెడుతోంది, అని చెప్పాను. ఆయన ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత, "గంత మందా?" అన్నాడు. ఆ గొంతు నాకింకా వినబడుతూనే ఉంటుంది.

సంగతి దుబాయి నుంచి అత్తకు ఫోను వచ్చాకే బయటపడింది. అవతల ఒక మగమనిషి వెక్కి వెక్కి ఏడుస్తూ, "వదినా, అన్న ఎట్ల పోయిండు?" అని అడిగాడట. అత్త, "బస్సుల పోయిండు. జీపు లేదు గదా ఇప్పుడు" అన్నదట. అత్త ఇది నాకు చెప్పాక, నేను అప్పుడు కూర్చుని బొమ్మ కింది మాటలు చదివాను. ఓం శాంతి. మంచోళ్ళకే ఇట్ల అయితది. నిన్న గాక మొన్ననే సూసిన, గింతల్నే. ఒకరు ఏ జబ్బుతో పోయాడని అడిగితే, ఇంకొకరు గుండెపోటని జవాబు కూడా ఇచ్చేశారు.

దుకాణం వదిలి మామ ఊరికి పరుగెత్తాను. మామ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను చదివి వినిపించినదంతా విని, తువ్వాల దులిపి భుజాన వేసుకుని, వాకిట్లో అరుగు మీద కూర్చున్నాడు. ఇంకో బూస్టు పెట్టి సరిచేస్తానంటే, "ఆగురా. ఎట్లైనా వార్త పోనే పోయింది. ఎవరెవరొస్తరో సూద్దాం" అన్నాడు. ఊళ్ళోవాళ్ళకు ఆయన బతికున్నాడని తెలుసు. బయటి ఊళ్ళ వాళ్ళకే తెలియదు. ఆయన చూపు రోడ్డు మీద ఉంది.

మిట్టమధ్యాహ్నం సదాశివనగర్ నుంచి ఒక ఆటో వచ్చింది. దాన్నిండా ఆడవాళ్ళు, ముందర మా పెద్దమ్మ, అంటే మామకు సొంత అక్క. ఎప్పుడో ఒక పెళ్ళిలో తమ్ముడు పెట్టిన చీర తక్కువదని ఆమె అలిగింది, ఆమె అలిగిందని ఈయన అలిగాడు, అప్పటి నుంచి మాటల్లేవు. ఆటో మలుపు తిరగక ముందే శోకం వినబడింది. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని దిగి, కళ్ళనీళ్ళల్లో ఏమీ కనబడక, అరుగు దిగి ఎదురొచ్చిన మామను పక్కకు నెట్టి, "జరుగు, నా తమ్ముణ్ని సూడనీ" అని లోపలికి వెళ్ళబోయింది. మామ, "నేనేనే అక్కా" అన్నాడు. పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది. ముట్టుకుని చూసింది. ఆ తర్వాత శవం మీద వేద్దామని తెచ్చిన దండతోనే ఆయన్ను కొట్టసాగింది, పూలన్నీ రాలిపోయి దారం మిగిలేదాకా. "సచ్చి పిలిపించుకుంటవారా నన్ను, బతికి పిలవరాదా" అంటూ ఏడుస్తూనే ఉంది. అత్త నవ్వలేక ఏడవలేక వంటింట్లోకి పోయి అందరికీ అన్నం ఎక్కించింది. చావుకు వచ్చినవాళ్ళు అన్నం తినరు, కానీ ఆ రోజు తిన్నారు.

ఆ రాత్రి నేను మిగిలిన జీపు పైసలన్నీ పోసి, మామ చేత "నేను బతికే ఉన్న, నాకు ఓటెయ్యిండ్రి" అని చెప్పించి వీడియో పెట్టాను. వేల మంది చూశారు. దాని కింద మొదటి మాట: "పాపం, పోకముందు తీసిన వీడియో పెట్టిండ్రు." వార్త అందనివాళ్ళకు కూడా దాంతోనే అందింది. ఎంత ఖర్చు పెడితే అంత దూరం మామ చచ్చిపోతూ పోయాడు. కార్డులో పైసలు అయిపోయినాయి గనుక సరిపోయింది, లేకపోతే వరంగల్ దాకా చచ్చేవాడు.

అప్పుడే దుబాయి నుంచి ఇంకో వీడియో వచ్చింది. అక్కడ పనివాళ్ళుండే క్యాంపు. ఇనుప మంచాల మధ్య జాగాలో డ్యూటీ బట్టలతోనే మనవాళ్ళు నిలబడ్డారు. గోడకు నేను చేసిన బొమ్మే అతికించి ఉంది, కింద కొవ్వొత్తి. ఒకతను ముందుకొచ్చి గొంతు సవరించుకుని చెప్పాడు: "మా అన్న పెట్టె పోతే నేను పోలేకపోయిన, కంపెనీ సుట్టీ ఇయ్యలేదు. విమానాల కాడ మా అన్న కోసం నిలబడ్డది ఈయనొక్కడే. మా అమ్మ పక్కన కూసున్నడట మట్టి అయ్యెదాక." అంతే చెప్పి వెనక్కి వెళ్ళాడు. మామ ఆ వీడియో అయిపోయేదాకా చూశాడు. మళ్ళీ పెట్టమన్నాడు. వాళ్ళల్లో ఎవరికీ ఇక్కడికి వచ్చి ఓటు వేసే వీలు లేదు.

పోలింగ్ నాడు ఒక తండా బడి బయట, ఓట్లడగడానికి హద్దుగా గీసిన గీతకు ఇవతల, మామ చేతులు జోడించి నిలబడ్డాడు. ఒక అవ్వ ఓటు వేసి వస్తూ ఆగి, ఆయన్ను ఎగాదిగా చూసి, "అచ్చం గా పోయినాయన లెక్కనే ఉన్నవు బిడ్డా. పాపం, మంచోడట. బతికుంటే నా ఓటు ఆయనకే ఏద్దును. నీకేమైతడు?" అని అడిగింది.

"దూరపు సుట్టం, అవ్వా" అన్నాడు మామ.

డిపాజిట్ పోయింది. ఫలితాలు వచ్చిన సాయంత్రం నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. మామే అన్నాడు: "మంది ఉన్నరురా నాకు. గీడ లేరు, గంతె." వారం తిరక్కుండానే మళ్ళీ ఎవరిదో పెట్టె వస్తుందని ఫోను వచ్చింది. బస్సెక్కి పోయాడు.

ఇక నా ఒట్టు సంగతి. కంచం మీద వేశాను గనుక చెప్పక తప్పదు. ఇందులో ఒక్కటి నేను కల్పించాను. ఆటో రాలేదు. పెద్దమ్మ ఆ బొమ్మ మనవరాలి ఫోనులో చూసిందని, కళ్ళొత్తుకున్నదని, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టించిందని తర్వాత తెలిసింది. పెట్టిన వందల మందిలో ఆమె కూడా ఒకతి. ఆ రోజు మామ దీపాలు పెట్టేవేళ దాకా అరుగు మీద అలాగే కూర్చున్నాడు, రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా కొద్దిగా లేచి చూస్తూ. ఏ బండీ ఆగలేదు. అత్త అన్నం తినమని పిలిస్తే, "ఇంకొంచెం సేపు సూస్త" అన్నాడు. మామ, అత్త కాక అక్కడున్న మూడో మనిషిని నేను, పక్కనే ఉన్నాను.

ఇప్పుడు నాకూ తల నెరుస్తోంది. మామకు చూపు తగ్గింది, నేను రాసినవి నేనే చదివి వినిపించాలి. అప్పటి ఆ పిల్లగాడు, ముఖాలకు కాళ్ళు అక్కర్లేదని నమ్మినవాడు, గుర్తొస్తే నవ్వొస్తుంది, పాపం ఎంత ధీమా వాడికి. ఇది విన్నప్పుడు ఆటో దగ్గర మామ నన్ను ఆపుతాడని తెలుసు. ఆపి, ఇది ఎప్పుడు జరిగిందిరా అంటాడేమో. లేకపోతే మళ్ళీ చదవమంటాడు. ఆ రోజు నేను ఆయన కోసం ఏ బండినీ పంపలేకపోయాను. ఇన్నేళ్ళకు ఒక ఆటో మాట్లాడి పంపాను, అంతే.