అల్వాల్ దారిలో ఒంటి దీపం

పదమూడేళ్ళుగా స్టీరింగు పట్టిన ఈ చేతుల మీద ఒట్టు. ఒక్క అంకె కూడా పెంచి చెప్పడం లేదు. నవ్వేవాళ్ళు ఉంటే చివర్లో నవ్వండి.

సికింద్రాబాదులో ఒక డాక్టరుగారి దగ్గర నేను కారు డ్రైవర్ని. బడికి పోలేదు. మైలురాళ్ళు చూసి అంకెలు నేర్చుకున్నాను, అంకెలతో బండి నేర్చుకున్నాను. నలభై ఎనిమిదిలో యూనియన్ సైన్యం వచ్చిన ఆ ఐదు రోజులూ, పైన విమానాలు తిరుగుతున్నాయని భయపడి, కారు దీపాలు రెండింటికీ మైదా జిగురుతో నల్ల కాగితం అంటించాను. గొడవ సద్దుమణిగాక ఎడమ దీపం మీది కాగితం ఊడింది. కుడిది ఊడలేదు. రాయిలా అతుక్కుంది.

లెక్క వేశాను. గంటకు పదిహేను మైళ్ళ వేగంలో బ్రేకు తొక్కితే పదిహేను అంగల్లో కారు ఆగుతుంది. వానలో ఇరవై అయిదు. ఒక్క దీపమైనా ముప్పై అంగలు చూపిస్తుంది. ఇంకేం, చాలు కదా... కాగితం అలాగే వదిలేశాను.

ఆ వారమే మా అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు కదా, బొల్లారంలో మా ఇంటికే తెచ్చుకున్నాం. డాక్టరుగారు ఊళ్ళో లేరు. ఆయన కారు తీసుకుని బోయిగూడ వెళ్ళి మంత్రసాని బీబమ్మను ఎక్కించుకున్నాను. అరవై దాటిన మనిషి. మా అమ్మాయి పుట్టినప్పుడు పురుడు పోసింది కూడా ఆమే.

తిరుమలగిరి దాటాక వాన అందుకుంది. దారి మీద మేం తప్ప ఎవరూ లేరు.

"జెర గట్టిగ తోలు బిడ్డా," అంది వెనక సీట్లోంచి. "గిట్ల పోతే నేను పోయేసరికి పిల్ల నడుస్తది."

"వాన పడుతున్నదమ్మా. బ్రేకు తొందరగ పట్టది."

"నీ లెక్కలు నొప్పులకు ఎర్కనా? నీ మోటారు కన్న మా టాంగా నయం."

నిజం చెప్పాలంటే నా కాలు కూడా దురద పెట్టింది. అక్కడ నొప్పులతో బిడ్డ... ఇంట్లో నా భార్య ఒక్కతే. కానీ నీళ్ళు నిలిచిన చోటల్లా నెమ్మదిగా దాటించాను. దాటాక బ్రేకు రెండుసార్లు తొక్కి తడి ఆర్చాను. తొందరపడి ఆలస్యమైనవాళ్ళను చాలామందిని చూశాను.

అల్వాల్ దగ్గర... ముందు ఒక దీపం కనిపించింది.

ఒక్కటే. పసుపుపచ్చగా. మా వైపు అంచునే. సైకిలు వస్తోందనుకున్నాను. నాకు అలవాటు కదా... టెలిగ్రాఫు స్తంభాలు లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు. సైకిలైతే ఈపాటికి దగ్గరవ్వాలి. నాలుగు. ఐదు. ఆ దీపం పెరగలేదు. తరగలేదు. ఆరు. ఏడు...

"అమ్మా... చూస్తున్నవా?"

"చూస్తున్న." అంతే అంది. గొంతులో ఇందాకటి ఎకసెక్కెం లేదు.

తొమ్మిదో స్తంభం వచ్చింది. కారును అంచుకు, మట్టిలోకి దించి ఆపేశాను. అది దాటిపోనీ అని. ఇంజను కూడా ఆపాను.

నిశ్శబ్దం. బానెట్టు మీద చినుకులు... టప్... టప్... ఆ దీపం కూడా ఆగింది. కదలదు. ఊగదు.

అప్పుడు వినిపించింది. మా ఇంజను చప్పుడులో ఇంతసేపూ వినపడని మోత. గుర్రుమంటూ... దగ్గరగా... ఇంకా దగ్గరగా...

లారీ! దీపాలు లేని లారీ. రోడ్డు నడిమధ్యన దూసుకువచ్చి మా పక్కనుంచి వెళ్ళిపోయింది. కారు ఊయలలా ఊగింది.

మళ్ళీ చూస్తే ముందు దీపం లేదు.

టార్చి తీసుకుని దిగాను. రోడ్డు మీది తడిమట్టిలో లారీ టైరు జాడ. కొలిచాను. నేను ఆపకుండా వచ్చి ఉంటే, నా కుడి చక్రం తిరగాల్సిన చోటు దాటి రెండు అడుగులు నా వైపుకు వచ్చింది. సైకిలు జాడ మాత్రం ఎక్కడా లేదు.

అప్పుడు తట్టింది. లారీవాడికి నా ఎడమ దీపం ఒక్కటే కనిపించి ఉంటుంది. అంచున సైకిలు పోతోంది, నడుమ ఖాళీ అనుకుని ఉంటాడు. నాకు ఎంత దూరం కనిపిస్తుందో లెక్క వేశాను గానీ, ఎదుటివాడికి నేను ఎలా కనిపిస్తానో వేయలేదు. అక్కడే, వానలోనే, గోళ్ళతో ఆ కాగితం గీకి పారేశాను. రెండు దీపాలతో ఇల్లు చేరాం. తెల్లవారకముందే మనవరాలు పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఆ ఉదయం తాగినంత రుచిగల చాయ్ నేను మళ్ళీ తాగలేదు.

మరి ఆ దీపం? లారీ అద్దంలో నా దీపమే మెరిసిందనుకున్నాను. అలాగైతే అది దగ్గరికి రావాలి కదా!

ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసినప్పుడు బీబమ్మను అడిగాను, ఆ సైకిలు ఏమైందంటావని.

"సైకిలేంది బిడ్డా?" అంది పిల్లకు కాటుక దిద్దుతూ. "లాంతరు పట్టుకున్న మనిషి గద. మొకం మన దిక్కే పెట్టి ఎనకకు నడిచిండు. మోటారు ముంగట, మోటారెంత జోరు పోతే అంత జోరు."

"అప్పుడే చెప్పొద్దా అమ్మా!"

"పురుటికి పోతున్నప్పుడు తొవ్వల చూసింది చెప్పొద్దు. మా అమ్మ సుత చెప్పకపోయేది."

ఆమె మాట నమ్మితే దూరం లెక్క కుదురుతుంది, వేగం కుదరదు. నా సైకిలును నమ్మితే వేగం కుదురుతుంది, దూరం కుదరదు. అద్దాన్ని నమ్మితే... రెండూ కుదరవు.