ప్రెస్ షాపులో చెవిటివాళ్లు లేరు

2017. నాచారంలో నేను చెవి పరీక్షల క్లినిక్ తెరిచి రెండేళ్లయింది. మల్లాపూర్‌లో ఇనుప రేకులను అచ్చు కొట్టే పవర్ ప్రెస్ మీద పాతికేళ్లకు పైగా పనిచేస్తున్న యాదగిరిని ఆయన భార్య పట్టుబట్టి తీసుకొచ్చింది.

"టీవీ సప్పుడు గల్లీ దాకా ఇనవడ్తది మేడం. పిలిస్తె పలుకడు," అంది.

పరీక్ష చేశాను. ఏ శబ్దం ఎంత గట్టిగా ఉంటే వినిపిస్తుందో చూపే గీతను ఆడియోగ్రామ్ అంటాం. కీచుమనే సన్నని శబ్దాల దగ్గర ఆయన గీత బాగా కిందికి జారింది. చెవి మిషన్ కావాలన్నాను.

"నాకేం కాలె మేడం. షాపుల అందరం గిట్లనే ఉంటం. గా మిషన్ పెట్టుకుంటె నన్నొక్కన్నే చెవిటోడంటరు."

మొండితనమనుకున్నాను. అయినా ఆ 'అందరం' ఎవరో చూడాలనిపించింది. సూపర్‌వైజర్‌ను అడిగి ఒక మధ్యాహ్నం వాళ్ల ప్రెస్ షాపు షెడ్డుకు వెళ్లాను. ఆ మోతలో నాకొక్క మాటా అందలేదు. వాళ్లు మాత్రం పెదవులు చూసుకుంటూ, చేతులూపుకుంటూ పగలబడి నవ్వుకుంటున్నారు. యాదగిరి నా చెవి దగ్గరకొచ్చి అరిచాడు: "ఏంది మేడం, ఇనవడ్తలేదా?"

నాలుగేళ్ల తర్వాత ఒక్కడే వచ్చాడు. రిటైరయ్యాడట. మళ్లీ పరీక్ష చేస్తే గీత దాదాపు పాతదే.

"మరి ఇప్పుడెందుకొచ్చారు?"

"బోడుప్పల్ పార్కుల పొద్దున నడుస్తున్న. బ్యాంకోళ్లు, టీచర్లు దోస్తులైన్రు. మెల్లగ మాట్లాడుతరు. అందరు నవ్వినంక నేను నవ్వుత. మొన్న ఒకాయన తన తమ్ముడు సచ్చిపోయిన సంగతి చెప్తుంటె గూడ జోకనుకొని నవ్విన మేడం."

"తర్వాత?"

"అందరు నన్నే సూసిన్రు. సంగతి తెలిసినంక ఆయనింటికి పోయి మాఫీ అడిగిన. మిషన్ ఇయ్యున్రి."

ఇచ్చాను. రెండు వారాలకు సరిచూసుకోవడానికి వచ్చినప్పుడు, రోజంతా పెట్టుకుంటున్నారా అని అడిగాను.

"పార్కుల పెట్టుకుంటున్న. షాపోళ్లు కలిస్తె తీసి జేబుల ఏసుకుంట."

"ఎందుకు?"

"ఆళ్లతోని ఉన్నప్పుడు నేను చెవిటోన్ని కాదు గద."

నేను కాగితం మీద కొలిచింది చెవిని మాత్రమే. అప్పటినుంచి ఎవరొచ్చినా, హెడ్‌ఫోన్లు తగిలించే ముందు, రోజూ ఎవరి మధ్య కూర్చుంటారని అడుగుతున్నాను.