పంచాంగం చూసి కోసిన కడుపు

“వాడోళ్లందరికి చెప్తవు గదనే, మరి నీ బిడ్డ కడుపెందుకు కోయించినవ్?”

లస్మవ్వ తన ఇంటి గడపలో నిలబడి అడిగిన ఈ ప్రశ్నకు ఆశా కార్యకర్త బాలలక్ష్మి దగ్గర జవాబు లేకపోలేదు. ఉన్న జవాబే సిగ్గుచేటు.

లస్మవ్వ కోడలు కోమలకు నెలలు నిండాయి. పంచాంగం చూసే అయ్యగారు శుక్రవారం పొద్దున తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు ముహూర్తం పెట్టాడు. ఆ నిమిషానికి కడుపు కోయడానికి కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి సిద్ధం. పెళ్లికి ఫంక్షన్‌ హాలు మాట్లాడుకున్నట్టు ఆపరేషన్ థియేటర్ మాట్లాడుకుంటారు. నొప్పులతో పనేముంది!

పోయినేడు బాలలక్ష్మి కూతురు వందన కానుపూ అంతే. పదకొండేళ్లు ఇల్లిల్లూ తిరిగి మామూలు కానుపు మంచిదని చెప్పిన మనిషి, వియ్యపురాలు ముహూర్తం అనగానే నోరు కుట్టేసుకుంది. మంచి గడియలో మనవడొచ్చాడు. మూడు రోజులు తల్లి రొమ్ముకు దూరంగా ఉంచి డబ్బాపాలు పట్టారు. ముర్రుపాలు పిండి పారబోశారు. బాలలక్ష్మి చూస్తూ నిలబడింది. ఇప్పుడు వాడికి పది నెలలు. ఒళ్లంతా దద్దుర్లు, ఛాతీలో పిల్లికూతలు, ఇప్పటికి నాలుగుసార్లు యాంటీబయోటిక్ సీసాలు.

ఆ మధ్య శిక్షణలో పిల్లల డాక్టరమ్మ చెప్పింది: కానుపు వేళ తల్లి నుంచి అంటుకునే సూక్ష్మజీవులే బిడ్డ పేగులో మొదట కాపురం పెడతాయి. తల్లిపాలు వాటికీ తిండే. దేనితో కొట్లాడాలో, దేన్ని పోనివ్వాలో బిడ్డ ఒంటికి నేర్పడంలో వాటిది పెద్ద పాత్ర. కోసి తీసిన పిల్లలంతా జబ్బు పడరు. ప్రాణం మీదికొస్తే కోయాల్సిందే. కానీ పంచాంగం ప్రాణాపాయం కాదు.

“మా మనుమని రోగం దీంతోటేనా మేడం?” అని బాలలక్ష్మి లేచి అడిగింది.

“చెప్పలేమమ్మా.”

ఆ ‘చెప్పలేం’ అప్పట్నుంచీ ఆమెను కాలుస్తూనే ఉంది. అవునంటే ఏడ్చేది, కాదంటే నిద్రపోయేది.

“భయపడి కోయించిన లస్మక్కా,” అంది ఇప్పుడు. “వియ్యపురాలికి భయపడ్డ. నీకైతే భయపడ.”

“శుక్రారం పుడితె రాజయోగమట!”

“మావోడు గూడ రాజేనట. రాజుగారికి దవాఖాననే కోట అయింది.”

లోపల కోమల కిసుక్కున నవ్వింది. ఆ వెంటనే నవ్వు ఆపి, “నేను కరీంనగర్ పోనత్తమ్మా. నొప్పులొచ్చినంక సర్కారు దవాఖానకే పోత,” అంది.

శుక్రవారం దాటిపోయింది. ఆదివారం, అదీ అమావాస్య నాడు, సర్కారు దవాఖానలో కోమల ఆడపిల్లను కన్నది. లస్మవ్వ “అమాస పిల్ల” అని గొణుక్కుంటూనే, బిడ్డ నాలుకకు రాయడానికి వేలు తేనెలో ముంచింది. బాలలక్ష్మి ఆ చెయ్యి పట్టుకుని, తన కొంగుతో వేలు తుడిచేసింది.

“జర ఆగక్కా. మొదలు తల్లిపాలు తాగనియ్యి.”

గంట లోపలే బిడ్డ రొమ్ము పట్టింది. మూడోనాడు కోమల పైసా కట్టకుండా ఇంటికి వచ్చింది.

తొలి కానుపు ఖర్చు పుట్టింటిదే. వందన ఆపరేషన్‌కు బాలలక్ష్మి తెచ్చిన అరవై ఎనిమిది వేల అప్పులో ఇంకా ఇరవై మూడు వేలు బాకీ ఉంది.